ఆడవాళ్ళ గది తలుపు దగ్గర చట్టం: బ్రిటన్ కేసులు ఏం తేల్చాయి, ఏం వదిలేశాయి

ఒక ప్రభుత్వ బోర్డులో పది కుర్చీలున్నాయి అనుకుందాం. వాటిలో సగం మహిళలకు దక్కాలని చట్టం చెబుతోంది. ఐదుగురు మహిళలున్నారని బోర్డు లెక్క చూపించింది. ఆ ఐదుగురిలో ఒకరు మగబిడ్డగా పుట్టి, పెద్దయ్యాక ప్రభుత్వం దగ్గర మహిళగా సర్టిఫికెట్ తీసుకున్న వ్యక్తి. ఇప్పుడు లెక్క సరిపోయినట్టా, ఒకటి తగ్గినట్టా?

బ్రిటన్ సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 16న ఇచ్చిన తీర్పుకు మూలం ఈ లెక్కే. స్కాట్లాండ్‌లో 2018లో వచ్చిన బోర్డుల చట్టం మీద 'ఫర్ విమెన్ స్కాట్లాండ్' అనే సంఘం వేసిన కేసు అది. ఐదుగురు జడ్జీలు ఏకగ్రీవంగా లెక్క ఒకటి తగ్గినట్టేనన్నారు. మర్నాటి నుంచి ఒక వర్గం 'ట్రాన్స్ మనుషుల హక్కులు పోయాయి' అంటే, ఇంకో వర్గం 'ఇక గొడవ తీరిపోయింది' అంది. తీర్పు చదివితే ఈ రెండూ అందులో కనబడవు. కోర్టు ఎప్పుడూ తన ముందుకు వచ్చిన ప్రశ్నకే జవాబిస్తుంది. ఆ ప్రశ్న మనం అనుకున్నదానికన్నా చాలా చిన్నది. అందుకే ఏ కేసు ఏ ప్రశ్న అడిగిందో విడివిడిగా చూడాలి.

ముందు మాటల చిక్కు విప్పుకుందాం

తెలుగులో రాసేవాళ్ళకు మొదటి అడుగులోనే తంటా. ఇంగ్లీషువాళ్ళు సెక్స్ అని, జెండర్ అని రెండు మాటలు వాడే చోట మనకు 'లింగం' అనే ఒక్క మాటే దిక్కు. (మన వ్యాకరణమైతే ఆడమనిషిని ఏకవచనంలో 'వచ్చింది' అంటూ పశుపక్ష్యాదులతో కలిపి, బహువచనంలో 'వచ్చారు' అంటూ మగవాళ్ళతో కలిపేసింది. లింగం సంగతి ఎంత మెలికగా ఉంటుందో చెప్పడానికి అదొక్కటి చాలు.) ఈ వ్యాసంలో పుట్టుకతో శరీరానికి ఉన్నదాన్ని 'జన్మలింగం' అంటాను. మనిషి తనను తాను ఏమని గుర్తించుకుని బతుకుతున్నారో దాన్ని 'జెండర్' అంటాను. ఈ రెండూ వేరైనవాళ్ళు ట్రాన్స్ వ్యక్తులు: మగబిడ్డగా పుట్టి మహిళగా బతికేవారు ట్రాన్స్ మహిళ, ఆడబిడ్డగా పుట్టి పురుషుడిగా బతికేవారు ట్రాన్స్ పురుషుడు.

బ్రిటన్‌లో ఈ తగువంతా రెండు చట్టాల మధ్య నడిచింది. మొదటిది 2004 నాటి జెండర్ గుర్తింపు చట్టం. 2002లో గుడ్విన్ అనే ట్రాన్స్ మహిళ వేసిన కేసులో యూరప్ మానవ హక్కుల కోర్టు బ్రిటన్‌ను తప్పుపట్టాక ఈ చట్టం తెచ్చారు. దీని కింద సర్టిఫికెట్ కావాలంటే 18 ఏళ్ళు నిండాలి, డాక్టర్ల నివేదికలుండాలి, కనీసం రెండేళ్ళు ఆ జెండర్‌లోనే బతికినట్టు చూపాలి. ఆపరేషన్ తప్పనిసరి కాదు. సర్టిఫికెట్ వచ్చాక ఆ మనిషి 'అన్ని విషయాల్లోనూ' కొత్త జెండర్‌కే చెందుతారని 9వ సెక్షన్ అంటుంది. అయితే అదే సెక్షన్, వేరే చట్టంలో ఇంకోలా ఉంటే అది వర్తిస్తుందని ఒక మినహాయింపు కూడా పెట్టుకుంది. మొత్తం కేసు ఆ మినహాయింపు మీదే తిరిగింది.

రెండోది 2010 నాటి సమానత్వ చట్టం. వయసు, వైకల్యం, జాతి, మతం లేదా నమ్మకం, లింగం, జెండర్ మార్పు వంటి తొమ్మిది లక్షణాల ఆధారంగా వివక్ష చూపకూడదని ఇది చెబుతుంది. లింగమూ జెండర్ మార్పూ ఇందులో రెండు వేర్వేరు లక్షణాలు. జెండర్ మార్పు కింద రక్షణకు సర్టిఫికెట్ అక్కర్లేదు. మారే ప్రయత్నంలో ఉన్నా, మారాలనుకుంటున్నా చాలు.

మరి 2010 చట్టంలో 'మహిళ' అంటే జన్మలింగం ప్రకారం మహిళా, సర్టిఫికెట్ ప్రకారం మహిళ కూడానా? సుప్రీంకోర్టు ముందున్న ప్రశ్న ఇదొక్కటే. 'మహిళ అంటే ఎవరు' అనే తాత్విక ప్రశ్న కాదు. ఒక చట్టంలో ఒక మాటకు అర్థం ఏమిటన్నది మాత్రమే.

చాలామందికి తెలియని సంగతి ఇంకొకటి. సర్టిఫికెట్ లేని ట్రాన్స్ వ్యక్తి విషయంలో చట్టం చూసేది జన్మలింగాన్నే అన్నదానిపై కోర్టులో ఇరుపక్షాలకూ పేచీ లేదు. తీర్పులో చెప్పిన లెక్క ప్రకారం సర్టిఫికెట్ తీసుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద సుమారు 8,500 మంది. పేచీ వాళ్ళ గురించే. కానీ అంతకుముందు ఎన్నో ఆసుపత్రులు, కంపెనీలు, కౌన్సిళ్ళు సర్టిఫికెట్ ఊసే లేకుండా, మనిషి ఏం చెప్పుకుంటే అదే అన్న పద్ధతిలో నిబంధనలు రాసుకున్నాయి. చట్టం అలా రాయమనలేదు. తీర్పు వచ్చినప్పుడు సంస్థల్లో అంత కంగారు పుట్టింది ఇందుకే.

'పెట్టవచ్చు'కీ 'పెట్టాలి'కీ మధ్య

'లింగాధారిత హక్కులు' అనే మాట ఉద్యమకారులది. చట్టం పుస్తకంలో ఆ పేరుతో అధ్యాయమేదీ లేదు. ఆ మాట కింద కలిపేస్తున్న రెండు మూడు సంగతులను విడదీయకపోతే ఏ తీర్పూ అర్థం కాదు.

ఒకటి, మహిళ అయినందుకు తక్కువగా చూడకూడదనే హక్కు. ఇది పాతది, గట్టిది. 1989లో, అప్పట్లో బ్రిటన్ అత్యున్నత కోర్టుగా కూడా ఉన్న హౌస్ ఆఫ్ లార్డ్స్ తేల్చిన బర్మింగ్‌హామ్ కేసు దీనికి మంచి ఉదాహరణ. ఆ నగర కౌన్సిల్ పరిధిలో, పరీక్ష పెట్టి పిల్లలను చేర్చుకునే గ్రామర్ స్కూళ్ళలో మగపిల్లలకు సుమారు 540 సీట్లుంటే ఆడపిల్లలకు 360. అంటే అదే సీటుకు ఆడపిల్లకు ఎక్కువ మార్కులు రావాలి. మాకు చెడు ఉద్దేశం లేదు, స్కూళ్ళు ఎప్పటినుంచో ఇలాగే ఉన్నాయని కౌన్సిల్ వాదించింది. ఉద్దేశంతో పని లేదు, ఫలితం చూస్తామంది కోర్టు. మరుసటి ఏడు ఈస్ట్‌లీ ఈతకొలను కేసులో ఇదే సూత్రం ఒక మగాయనకు పనికొచ్చింది. భార్యాభర్తలిద్దరికీ 61 ఏళ్ళు. పింఛను వయసు వచ్చిందని ఆవిడకు ఉచితం, ఆయన దగ్గర మాత్రం 75 పెన్నీలు తీసుకున్నారు. ఆయన గెలిచాడు. లింగ వివక్ష చట్టం ఆడవాళ్ళ కోసం మాత్రమే రాసింది కాదు మరి.

రెండోది, వేరు గదులు, వేరు వార్డులు, వేరు ఆశ్రయాలు. వీటిని హక్కు అనుకుంటాం గానీ 2010 చట్టంలో ఇవి మినహాయింపులు. మామూలుగా అయితే మగవాళ్ళను రానివ్వకపోవడమే వివక్ష. కానీ సరైన కారణం ఉండి, ఆ అవసరానికి మించకుండా చేస్తే ఆడవాళ్ళకు మాత్రమే సేవ అందించవచ్చని చట్టం వెసులుబాటు ఇచ్చింది. 'పెట్టవచ్చు' అంది, 'పెట్టాలి' అనలేదు. అత్యాచార బాధితుల కోసం నడిపే కేంద్రం ఆడవాళ్ళకే పరిమితం కావచ్చు. కాకపోయినా, అదొక్కటే కారణంగా ఈ మినహాయింపును మీరినట్టు కాదు.

'పెట్టాలి' అన్నది వేరే దారుల్లో వస్తుంది. పనిచేసే చోట మరుగుదొడ్లు, బట్టలు మార్చుకునే గదులు ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ వేరుగా ఉండాలని 1992 నాటి పని ప్రదేశాల నిబంధనలు చెబుతున్నాయి. లోపల గడియ పెట్టుకునే ఒక్కరి గది అయితే వేరే సంగతి. అలాగే వేరు గది లేకపోవడం వల్ల మగవాళ్ళకన్నా ఆడవాళ్ళు ఎక్కువ ఇబ్బంది పడితే అది పరోక్ష వివక్ష కావచ్చు. పరోక్ష వివక్ష అంటే నిబంధన అందరికీ ఒకటే అయినా దెబ్బ మాత్రం ఒక వర్గానికే తగలడం. కాబట్టి సంస్థ మీద కేసు వేసే మహిళ మొదట తేల్చుకోవాల్సింది ఇదే: ఆ సంస్థ చేయకూడనిది చేసిందా, చేయాల్సింది చేయలేదా, లేక చేయగలిగి కూడా ఊరుకుందా? మూడోదైతే కోర్టుకు వెళ్ళినా పెద్దగా దక్కేది ఉండదు.

కేసు వేసే దారిని బట్టి దక్కేది

సంస్థలను కోర్టుకు లాగడానికి ముఖ్యంగా రెండు దారులున్నాయి. ఉద్యోగి అయితే ఎంప్లాయ్‌మెంట్ ట్రిబ్యునల్. ప్రభుత్వ విధానమే చట్టవిరుద్ధమనుకుంటే న్యాయ సమీక్ష, అంటే అది చట్టానికి లోబడి ఉందో లేదో చూడమని కోర్టును అడగడం. బయటినుంచి చూస్తే రెండూ 'కేసు గెలిచారు' లాగే కనిపిస్తాయి కానీ రెంటి ఫలమూ ఒకటి కాదు.

ట్రిబ్యునల్ దారికి పేరుపడ్డ ఉదాహరణ మాయా ఫోర్‌స్టేటర్ కేసు. జన్మలింగం మారదన్న తన అభిప్రాయాన్ని ఆమె సోషల్ మీడియాలో రాశారు. ఆమె పనిచేసిన పరిశోధనా సంస్థ తర్వాత ఆమె కాంట్రాక్టును కొనసాగించలేదు. 2019లో ట్రిబ్యునల్, ఆ నమ్మకం ప్రజాస్వామ్య సమాజంలో గౌరవించదగ్గది కాదని తీర్పిచ్చింది. 2021 జూన్‌లో అప్పీలు ట్రిబ్యునల్ దాన్ని కొట్టేసింది. అది కొందరిని నొప్పించే నమ్మకమే అయినా మతం లేదా నమ్మకం కింద రక్షణ పొందుతుందని చెప్పింది. 2022లో ఆమె అసలు కేసు గెలిచారు. ఆ మరుసటి ఏడు లక్ష పౌండ్లకు పైగా పరిహారం వచ్చింది.

ఆ తీర్పు కాపాడింది నమ్మకాన్ని, ఆ నమ్మకం వెలిబుచ్చే మనిషి ఉద్యోగాన్ని. సంస్థలో ఎవరు ఏ గది వాడాలో అది చెప్పలేదు. పైగా ఈ నమ్మకం ఉన్నవాళ్ళు ట్రాన్స్ సహోద్యోగులను ఇష్టమొచ్చినట్టు పిలిచి ఏడిపించవచ్చని దీని అర్థం కాదని అప్పీలు ట్రిబ్యునల్ ప్రత్యేకంగా రాసింది. రెండు పక్షాలవాళ్ళూ ఈ వాక్యాన్ని తరచూ దాటేస్తారు.

న్యాయ సమీక్ష కథ వేరు. ఇంగ్లండ్‌లో ఆడవాళ్ళ జైళ్ళలో కొందరు ట్రాన్స్ మహిళా ఖైదీలను ఉంచే విధానాన్ని ఒక ఖైదీ హైకోర్టులో సవాలు చేశారు. 2021 జూలైలో ఓడిపోయారు. ఆడ ఖైదీలకు భయాందోళనలు కలగడం సహజమేనని కోర్టు ఒప్పుకుంది. కానీ ఒక్కొక్క కేసునూ పరిశీలించి నిర్ణయం తీసుకునే ఏర్పాటు ఆ విధానంలో ఉంది కాబట్టి అది చట్టవిరుద్ధం కాదంది. 'ఇది మంచి విధానమా' అన్నది న్యాయ సమీక్షలో ప్రశ్నే కాదు. 'చట్టం గీసిన గీత దాటిందా' అన్నదే ప్రశ్న. విధానం మారింది 2023లో, స్కాట్లాండ్ జైలు వ్యవహారం ఒకటి పత్రికల్లో దుమారం రేపాక, మంత్రుల చేతుల మీదుగా. పురుషాంగం ఉన్న ట్రాన్స్ మహిళలను, లైంగిక లేదా హింసాత్మక నేరాలు చేసినవాళ్ళను ప్రత్యేక అనుమతి ఉంటే తప్ప ఆడవాళ్ళ జైలుకు పంపకూడదని ఇంగ్లండ్, వేల్స్‌లో నిర్ణయించారు. కోర్టులో ఓడిన వాదన రాజకీయాల్లో నెగ్గింది.

ఇక గడువులు, డబ్బు. ట్రిబ్యునల్‌కు ఎంతోకాలంగా ఉన్న గడువు మూడు నెలలకు ఒక రోజు తక్కువ. న్యాయ సమీక్షకైతే ఆలస్యం లేకుండా, ఎంత లేదన్నా మూడు నెలల లోపు వెళ్ళాలి. ట్రిబ్యునల్‌లో సాధారణంగా ఎవరి ఖర్చు వాళ్ళదే. న్యాయ సమీక్షలో ఓడితే అవతలివాళ్ళ లాయర్ల ఫీజు కూడా నెత్తిన పడొచ్చు. అందుకే ఈ కేసుల వెనక చందాలు వసూలు చేసే సంఘాలుంటాయి. రచయిత్రి జె.కె. రోలింగ్ ఫర్ విమెన్ స్కాట్లాండ్‌కు 70,000 పౌండ్లు ఇచ్చారు. ట్రాన్స్ హక్కుల వైపు కేసులు నడిపే గుడ్ లా ప్రాజెక్ట్ కూడా జనం చందాల మీదే నడుస్తుంది. చందాలిచ్చేవాళ్ళు ఉన్న తగువే పైకోర్టు దాకా వెళుతుంది, మిగతావి మానవ వనరుల విభాగం ఫైళ్ళలోనే సద్దుమణుగుతాయి.

గర్భిణి మెలిక

మళ్ళీ బోర్డు కేసుకు వద్దాం. స్కాట్లాండ్ చట్టం మొదట 'మహిళ' నిర్వచనంలో ట్రాన్స్ మహిళలనూ చేర్చింది. 2022 ఫిబ్రవరిలో అక్కడి కోర్టు, సమానత్వ చట్టంలోని మాటను మార్చే అధికారం స్కాట్లాండ్ పార్లమెంటుకు లేదని ఆ నిర్వచనం కొట్టేసింది. ప్రభుత్వం మార్గదర్శకాలు తిరగరాసి, సర్టిఫికెట్ ఉన్నవాళ్ళు మహిళలే అంది. సంఘం మళ్ళీ కోర్టుకెళ్ళి రెండు అంచెల్లో ఓడింది. మూడో అంచె సుప్రీంకోర్టు.

అక్కడ జడ్జీలు చేసింది ఒక రకంగా పరీక్ష పేపరు దిద్దడం లాంటిది. 'సర్టిఫికెట్ అర్థం' తీసుకుంటే చట్టంలోని ప్రతి సెక్షనూ అతుకుతుందా అని ఒక్కోటీ పెట్టి చూశారు. నాకు అన్నిటికన్నా పదునుగా అనిపించింది గర్భిణి ఉదాహరణ. ఒక ట్రాన్స్ పురుషుడు, అంటే ఆడబిడ్డగా పుట్టి పురుషుడిగా సర్టిఫికెట్ తీసుకున్న మనిషి, గర్భం దాల్చారనుకోండి. గర్భధారణ రక్షణలు చట్టంలో 'మహిళ'కు రాశారు. సర్టిఫికెట్ అర్థం పట్టుకుంటే ఆ మనిషి పురుషుడు కాబట్టి రక్షణ పోతుంది. అదే గర్భంతో ఉండి, సర్టిఫికెట్ తీసుకోని మరో ట్రాన్స్ పురుషుడికి రక్షణ ఉంటుంది. ఒక కాగితం ముక్క వల్ల కడుపులో బిడ్డ ఉన్న ఇద్దరికి రెండు చట్టాలు! పార్లమెంటు ఇలా అనుకుని రాసి ఉండదంది కోర్టు.

రెండో మెలిక రహస్యానిది. సర్టిఫికెట్ సంగతి గోప్యం. అధికార హోదాలో తెలుసుకుని బయటపెట్టడం 2004 చట్టం ప్రకారం నేరం. ఈతకొలను మేనేజరుకు, వార్డు నర్సుకు ఎవరికి సర్టిఫికెట్ ఉందో తెలిసే మార్గం లేదు. తెలియని గీత మీద నిబంధన ఎలా నడపాలి? ఇక 25 మంది లేదా అంతకు మించి సభ్యులున్న లెస్బియన్ సంఘం లాంటివి సభ్యత్వం ఎవరికివ్వాలో తేల్చుకోలేవని కూడా కోర్టు అంది. అన్నీ కలిపి చూసి, 2010 చట్టంలో లింగం అంటే జన్మలింగమేనని ముగించింది.

తీర్పు సారాంశం చదివిన లార్డ్ హాడ్జ్, దీన్ని ఒక వర్గం మీద ఇంకో వర్గం గెలుపుగా చూడవద్దని అక్కడే చెప్పారు. జెండర్ మార్పు కింద ట్రాన్స్ వ్యక్తులకున్న రక్షణ అలాగే ఉంది. అంతేకాదు, ట్రాన్స్ మహిళను ఎవరైనా మహిళ అనుకుని వివక్ష చూపితే, అలా 'అనుకోవడం' ఆధారంగా లింగ వివక్ష కేసు కూడా వేయవచ్చు.

అవతలి వాదన

దీన్ని వ్యతిరేకించేవాళ్ళను ఆడవాళ్ళ భద్రత పట్టనివాళ్ళు అని కొట్టిపారేయడం తేలిక, కానీ న్యాయం కాదు. వాళ్ళ వాదన ఇలా నడుస్తుంది. గుడ్విన్ కేసులో యూరప్ కోర్టు ట్రాన్స్ వ్యక్తులను అటూ ఇటూ కాని మధ్యస్థితిలో వదలకూడదంది. ఆ సర్టిఫికెట్ పుట్టిందే అందుకు. ఇప్పుడు పాస్‌పోర్టులో మహిళ, పెళ్ళి రికార్డులో మహిళ, ఆసుపత్రి వార్డులో మాత్రం కాదంటే ఆ మధ్యస్థితి తిరిగొచ్చినట్టే కదా? కోర్టు అనుమతితో ఈ కేసులో తమ వాదన వినిపించిన బయటి సంస్థల్లో ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ ఈ వైపు నిలబడింది. ట్రాన్స్ వ్యక్తులుగా తమ మాట వినిపిస్తామని మాజీ జడ్జి విక్టోరియా మెక్‌క్లౌడ్, ఆచార్యుడు స్టీఫెన్ విటిల్ అడిగితే కోర్టు అనుమతించలేదు. ఎవరి గురించి తీర్పో వాళ్ళలో ఒక్కరూ ఆ గదిలో మాట్లాడలేదన్న విమర్శ అక్కడినుంచే వచ్చింది. విమర్శలో బరువు ఉందనే నా అభిప్రాయం, చట్టం అర్థంపై తీర్పు సరైనదే అనుకున్నా కూడా.

అమలు చిక్కు మరొకటి. తలుపు దగ్గర జన్మలింగం ఎలా కనిపెడతారు? పొట్టి జుట్టుతో, కండపట్టిన ఒంటితో ఉండే ఆడమనిషిని ఎవరో ఆపి ప్రశ్నిస్తే ఆమెకు జరిగే అవమానానికి ఎవరు బాధ్యులు? తీర్పులోనే ఒక విచిత్రం ఉంది. గడ్డం పెరిగి పూర్తిగా మగాడిలా కనిపించే ట్రాన్స్ పురుషుడు జన్మలింగం ప్రకారం మహిళే అయినా, తగిన కారణం ఉంటే కొన్ని ఆడవాళ్ళ సేవలనుంచి అతన్నీ పక్కనపెట్టవచ్చని కోర్టు అంది. అతను మగవాళ్ళ వైపు కాదు, ఆడవాళ్ళ వైపూ కాదు. మరెక్కడికి పోవాలి?

కేసు వేసిన పక్షం జవాబు: తలుపు దగ్గర తనిఖీలు ఇదివరకూ లేవు, ఇకముందూ అక్కర్లేదు. నియమం స్పష్టంగా ఉంటే అత్యధికులు పాటిస్తారు, పాటించనప్పుడు ఫిర్యాదు చేసే ఆడమనిషిని ఎవరూ తప్పుపట్టలేరు. మిగిలినవారికి అందరూ వాడుకునే మూడో గది కట్టండి. పాత భవనంలో మూడో గది ఎక్కడినుంచి వస్తుందన్నది మాత్రం ఈ జవాబులో ఉండదు.

తీర్పు తర్వాత, ఒక బట్టలు మార్చుకునే గదిలో

తీర్పు వచ్చిన పది రోజుల్లోపే సమానత్వ, మానవ హక్కుల కమిషన్, సంస్థలు దాన్ని ఎలా పాటించాలో తాత్కాలిక సూచనలిచ్చింది. తొందరపడ్డారంటూ గుడ్ లా ప్రాజెక్ట్ ఆ సూచనలను న్యాయ సమీక్షకు తీసుకెళ్ళింది. అంటే ఇప్పుడు రెండు వైపులవాళ్ళూ అదే ఆయుధం వాడుతున్నారు.

కింది స్థాయిలో ఇది ఎలా దిగుతుందో ఫైఫ్ కేసు చూపిస్తుంది. స్కాట్లాండ్‌లోని కిర్కాల్డీలో విక్టోరియా ఆసుపత్రి. 2023 క్రిస్మస్ ముందురోజు రాత్రి ఒక నర్సు ఆడవాళ్ళ గదిలో బట్టలు మార్చుకోవడానికి వెళ్ళింది. లోపల ఒక ట్రాన్స్ మహిళా డాక్టరు ఉన్నారు. మాటామాటా నడిచింది. డాక్టరు ఫిర్యాదు చేశారు, నర్సును సస్పెండ్ చేశారు. నర్సు ట్రిబ్యునల్‌కు వెళ్ళింది.

2025 డిసెంబరులో, సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక ఎనిమిది నెలలకు, ట్రిబ్యునల్ 300 పేజీలకు పైగా రాసింది. డాక్టరు మీద వేసిన ఆరోపణలన్నీ కొట్టేసింది. ఆ గది వాడుకోనివ్వడం మొదటినుంచీ చట్టవిరుద్ధమనీ అనలేదు. సుప్రీంకోర్టు తీర్పుతో అంతా తేలిపోయిందనుకున్నవాళ్ళు ఇక్కడ కంగుతిన్నారు. కానీ ఆ ఆసుపత్రిని నడిపే ఫైఫ్ ప్రాంత ఆరోగ్య బోర్డు నర్సును వేధించిందని నాలుగు విషయాల్లో తేల్చింది. వాటిలో మొదటిది: నర్సు అభ్యంతరం చెప్పాక, ఇద్దరికీ వేర్వేరు డ్యూటీ రోస్టర్లు అమల్లోకి వచ్చేదాకా ఆ డాక్టరుకిచ్చిన అనుమతిని తాత్కాలికంగానైనా ఆపకపోవడం. విచారణను అతిగా సాగదీయడం ఇంకొకటి.

ట్రిబ్యునల్ తీర్పు మిగతా సంస్థలను కట్టడి చేయదు, నర్సు తరఫువాళ్ళు అప్పీలుకు వెళ్తామన్నారు. ఈలోగా పక్క ఆసుపత్రిలో ఇదే ఫిర్యాదు వస్తే ఏం చేయాలో ఒక మేనేజరు తేల్చుకోవాలి. ఆ కాగితం అందిన రోజు ఆవిడ బల్లమీద ఉండేది సుప్రీంకోర్టు తీర్పు కాదు, వచ్చేవారం డ్యూటీ రోస్టరు.